కాపలా వదిలిన కణాలు

మైక్రోస్కోపులోకి చూస్తుంటే ఓరెస్ట్ నాట్యుక్‌కి లోకమంతా నీళ్లలో మునిగినట్టుంటుంది. కిటికీ అవతల సాస్కటూన్ ఊరంతా మంచులో పడి ఉంది. ఇవతల ల్యాబులో, గోరువెచ్చని పళ్లెం అడుగున, ఎవరి ఒంట్లోంచో ఎప్పుడో తీసిన ప్రోస్టేట్ కాన్సర్ కణాలు పరుచుకుని ఉన్నాయి. ఆ మనిషి పోయే ఉంటాడు. కణాలే చావడం మరిచిపోయాయి.

వాటికి మగ హార్మోను అందకుండా చేసి నెలలైంది. అది అందకపోతే కణంలో ఒక ప్రోటీను కాపలాకి లేస్తుంది. రెండుగా చీలదామని బయల్దేరిన కణాన్ని, ముందుకు తోసే ప్రోటీన్లను గట్టిగా పట్టుకుని, గడపలోనే ఆపేస్తుంది.

ఓరెస్ట్‌కీ అదే జబ్బు. హార్మోను ఆపే సూది కిందటి నెలే వేశారు. అప్పట్నుంచీ ఈ పళ్లాల్లోవి నిద్రపోతుంటే తన ఒంట్లోవీ నిద్రపోతున్నట్టే ఉంటుంది. అది తెలివితక్కువ ఆలోచనని తెలుసు. తెలిసినంత మాత్రాన మనసు ఊరుకుంటుందా?

ఆ ఉదయం చివరి పళ్లెంలో ఒక కణం గుండ్రంగా ఉబ్బింది. నడుము సన్నబడింది. రెండైంది. పక్కన ఇంకోటి. చూడ్డానికి ఎంత అందంగా ఉందో, అంత ఒళ్లు మండింది అతనికి.

ఆ ల్యాబులో ఒక పద్ధతుంది. బూజు పట్టిందన్న అనుమానమొస్తే చాలు, బ్లీచింగ్ నీళ్లు పోసి పారేస్తారు. ఎందుకని ఎవరూ అడగరు. ఈ ఒక్కటీ పోతే మిగిలినవన్నీ నిద్రపోతున్నవే. ఓరెస్ట్ సీసా మూత తీశాడు.

"స్వెట్టర్ విప్పేశావేం? బయట ముక్కు ఊడిపోయే చలి," అంటూ వచ్చింది ల్యాబు పెద్ద ప్రిసిల్లా ఓకెమో.

"ఒంట్లోంచి ఆవిర్లొస్తున్నాయి. సూది పుణ్యం."

"నెలసరి ఆగాక నాకు రెండేళ్లుగా వస్తున్నాయి. నేను కిటికీ తెరిస్తే గొణిగింది నువ్వేగా. తెలిసొచ్చిందా ఇప్పుడు?"

"వచ్చింది తల్లీ, బాగా వచ్చింది."

ఆమె చూపు సీసా మీద పడింది. "బూజా?"

ఔనంటే సరిపోయేది. ఔననడానికే నోరు తెరిచాడు. కానీ ఇక్కడ కళ్లు మూసుకుంటే, తన లోపల ఎక్కడో జరిగేది ఆగదు కదా.

"కాదు. ఇవి గడప దాటాయి," అన్నాడు.

మధ్యాహ్నం ఆ పళ్లెంలోవే కొన్ని కణాల్ని వేరుగా తీసి, కాపలా ప్రోటీను పచ్చగా వెలిగే రంగు పట్టించారు. ఆ రంగు పట్టినవి ఇక బతకవు. చీకటి గదిలో చూస్తే, వెలగాల్సిన కణం నడిబొడ్డు నల్లగా ఉంది. పచ్చదనమంతా దాని చుట్టూ, చలికాలం ఉత్తరాన ఆకాశంలో ఆడే వెలుగులా తేలుతోంది. కాపలావాడు చావలేదు. గదిలోంచి వసారాలోకి గెంటారు, అంతే.

"పాపం, బయట కూచోబెట్టారు," అంది ప్రిసిల్లా. "ఎవరు గెంటారో పట్టుకోవాలి."

"నాలోనూ ఇంతేనా?"

"నువ్వు పళ్లెం కాదు, ఓరెస్ట్. నాకు తెలీదు."

ఆమె బుజ్జగించలేదు. అందుకే అతనికి కాస్త ఊపిరాడింది.

"పళ్లెంలో బతికున్నవాటిని పెంచాలి. గెంటిందెవరో తేలాలంటే చాలా కావాలి. ఆ పని ఇంకొకరికి చెప్పనా?" అంది.

"వద్దు. నేనే పెంచుతా."

పోషక ద్రవం ఒంటి వేడికి వచ్చాక, కొత్త పళ్లాల్లోకి ఆ కణాల్ని మెల్లగా వదిలాడు.

"పగవాళ్లకి పక్క వేస్తున్నట్టుంది," అన్నాడు.

"సరిగ్గా వెయ్యి. అన్నీ ఓ మూలకి పోగైతే పనికిరావు."

అవి పొగమంచులా అడుక్కి దిగుతుంటే, చెయ్యి కదపకుండా చూస్తూ ఉండిపోయాడు.