పిడుగు గొంతు

ఉతికిన సాక్సులకు జతలు కలుపుతుంటే మా ఆయన వచ్చి మంచం అంచున కూర్చుని, "ఒకటో తారీకు నుంచి మానేస్తున్నానని వాళ్ళకు చెప్పెయ్" అన్నాడు. మానెయ్యమని అనలేదు, మానేస్తావా అని అడగలేదు. నేను మానేస్తున్న సంగతి ఇంట్లో అందరికంటే ఆఖరున నాకే తెలిసింది. అత్తగారికి మోకాలి ఆపరేషన్. ఆ తర్వాత మూడు నెలలు పక్కన మనిషి ఉండాలి. మనిషి అంటే ఎవరో మా ఇంట్లో ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు.

ఆపరేషన్ తేదీ ఖాయమైనప్పుడే ఇలాంటిదేదో వస్తుందని ఊహించి జవాబు సిద్ధం చేసుకున్నాను. "నేను ఇంట్లో లేనిది పదకొండు నుంచి నాలుగున్నర వరకేగా. ఆ వేళకు నర్సును పెట్టుకుందాం. వారానికి రెండు రోజులు మీరు ఇంటి నుంచే పని చేస్తారు. మీ చెల్లెలి ఇల్లు అరగంట దూరం" అన్నాను. రాత్రుళ్ళు పక్క మీద దొర్లుతూ కూడబెట్టుకున్న మాటలవి.

"నువ్వుండగా ఆ తంటాలన్నీ ఎందుకు?" అన్నాడాయన. "అయినా నువ్వక్కడ గుంపులో గోవిందయ్యవేగా. నువ్వు లేకపోతే సీరియల్ ఆగిపోతుందా?"

ఆగిపోదు. కానీ పిడుగు మూగవాడైపోతాడు.

పిడుగు రాత్రి ఎనిమిదింటికొచ్చే సీరియల్‌లో కుర్రాడు. పదహారేళ్ళు. బళ్ళో హాజరుపట్టీ తగలబెడతాడు, పోలీసు జీపు టైర్లలో గాలి తీస్తాడు, బాలనేరస్తుల గృహం నుంచి రెండుసార్లు గోడ దూకాడు, కన్నతండ్రిని పేరు పెట్టి పిలుస్తాడు. ఆ వేషం కట్టే అబ్బాయి చూపులకు నిప్పు, గొంతుకు పిప్పి. అందుకని వాడికి నేను గొంతిస్తాను. ఎదిగీ ఎదగని మగపిల్లల గొంతులు ఆడవాళ్ళం పలకడం మా పనిలో మామూలే. కానీ పిడుగు గొంతు ఆడమనిషిదని బయటికి పొక్కకూడదని మొదటిరోజే కాగితం మీద సంతకం పెట్టించుకున్నారు. పేర్లు పడేచోట నా పేరు ఉండదు.

ఇంట్లోవాళ్ళకు చెబితే ప్రాణం పోదు. అడిగితే చెప్పేదాన్నే. "ఒక సీరియల్‌కు గొంతివ్వమన్నారు" అని చెప్పిన రోజున మా ఆయన అడిగింది ఒకే ఒక్క ప్రశ్న. "ఐదింటికల్లా ఇంటికొచ్చేస్తావా?" వస్తానన్నాను. సంతలో, రోడ్డు మీద, కోర్టు హాల్లో వెనక వినపడే గోల నాదేనని వాళ్ళంతట వాళ్ళే తేల్చుకున్నారు. పద్నాలుగు నెలలైంది. ఆ గోలలో నా మాట ఏదని కూడా ఎవరూ అడగలేదు.

విచిత్రమేమిటంటే పిడుగంటే మా ఇంటిల్లిపాదికీ ప్రాణం. మామగారు ముప్పై ఏళ్ళు హెడ్మాస్టరుగా చేశారు. ఆయన బెత్తం దెబ్బ తిన్నవాళ్ళు ఇప్పటికీ వీధిలో కనపడితే పక్కకు తప్పుకుంటారు. అలాంటి మనిషి, పిడుగు హెడ్మాస్టరు కుర్చీలో కాలు మీద కాలేసుకుని "పాఠం మీరు నేర్చుకోండి, ఇవాళ నేను చెప్తా" అన్న రోజున పొట్ట పట్టుకుని నవ్వారు. "వీడి తస్సాదియ్యా, మాట చూడు ఎలా పేలుతోందో!" అన్నారు. అత్తగారైతే "లోపల వెన్న, పాపం. వాడి కడుపుమంట ఎవడికి పట్టింది?" అని కళ్ళొత్తుకుంటారు. అదే సోఫాలోంచి ఆవిడ నాతో "మొన్న వంటింట్లో గిన్నె గట్టిగా పెట్టావేం, ఎవరి మీద?" అని అడుగుతారు.

ఒకరోజు భోజనాల వేళ పిడుగు కోర్టులో బోనెక్కాడు. "కూర ఇంకొంచెం వెయ్యనా?" అని అడిగాను. మా ఆయన చెయ్యి అడ్డంపెట్టి, "నువ్వు కాసేపు ఊరుకో, వాడు మాట్లాడుతున్నాడు" అన్నాడు. నా మాట వాళ్ళకు వినపడడం కోసం నేను నోరు మూసుకున్నాను. నవ్వొచ్చింది. గరిటెతో వంటింట్లోకి వెళ్ళి నవ్వుకున్నాను.

ఇంత ఇష్టమైన పిడుగును పలకడం నాకు పుట్టుకతో వచ్చిన విద్యేం కాదు. మొదటిరోజు మొదటి మాట "నేను రాను." అంతే, రెండు ముక్కలు. వార్డెను చెయ్యి పట్టుకు లాగుతుంటే వాడనాలి. గాజులూ గడియారమూ తీసి బల్ల మీద పెట్టి, హెడ్‌ఫోన్లు తగిలించుకుని మైకు ముందు నిలబడ్డాను. గది గోడలకంతా గోనెగుడ్డ కుట్టి ఉంటుంది, చప్పుడు అవుతుందని ఫ్యాను కూడా వేయరు. అన్నాను. అద్దం అవతలి నుంచి సౌండాయన "మళ్ళీ" అన్నాడు. మళ్ళీ అన్నాను. పదకొండు టేకులయ్యాయి. సౌండాయన పెద్దవాడు, నెమ్మదస్తుడు. లోపలికొచ్చి, "అమ్మా, మీరు చివర్లో గొంతు పైకెత్తుతున్నారు. రాకపోతే ఫర్వాలేదా అని వార్డెన్ని అడుగుతున్నట్టుంది. వాడు అడగడమ్మా, చెప్తాడు" అన్నాడు.

అప్పుడు ఆలోచించాను. వద్దు అన్న మాట అడిగినట్టు కాకుండా చెప్పినట్టు నేను ఎప్పుడన్నాను? పెళ్ళికి ముందు ఎప్పుడో అని ఉంటాను, గుర్తులేదు. పన్నెండో టేకు కుదిరింది. ఎలా కుదిరిందో నాకు తెలియదు గానీ, ఆ రోజు బస్సులో ఇల్లు చేరేదాకా ఆ రెండు ముక్కలే లోలోపల అనుకుంటూ కూర్చున్నాను. ఆ తర్వాత అలవాటైంది. నెలకోసారి వాడు దెబ్బలు తింటే ఆ మూలుగూ నాదే, గోడ దూకితే ఆ ఆయాసమూ నాదే. నాకు ఈ పని ఇష్టం. ఆ గోనెగుడ్డ గదిలో నా నోట్లోంచి వచ్చిన మాటను చివరిదాకా వింటారు, బాగోకపోతే మళ్ళీ అనమంటారు. ఇంకెక్కడా నన్నెవరూ మళ్ళీ అనమనలేదు. ఈ ఇష్టం గురించి ఎవరితోనూ చెప్పుకోలేదు, చెప్పుకునేంత పెద్దదిగా ఎవరికీ కనపడదని.

మా ఆయన ఆ మాట చెప్పిన వారంలోనే పిడుగు తన తండ్రి కాళ్ళ మీద పడే సీను డబ్బింగుకు వచ్చింది. ఎంత పొగరుబోతుకైనా ఎప్పుడో ఒకప్పుడు బుద్ధి రావాలట, చూసేవాళ్ళు అడుగుతున్నారట. పేజీన్నర క్షమాపణ. ఏడుపు కలిపి. సౌండాయన, "కష్టమైన సీనమ్మా, పూటంతా పట్టినా ఫర్వాలేదు" అని టీ తెప్పించి పెట్టాడు. టీ చల్లారకముందే అయిపోయింది. ఒకే టేకు. "తప్పయింది, ఇంకెప్పుడూ ఇలా చెయ్యను" అన్నచోట గొంతు ఎంత వంగాలో, "మీరు చెప్పినట్టే వింటా" అన్నచోట ఊపిరి ఎక్కడ తెగాలో నాకు కాగితం చూడకుండానే తెలుసు. చారులో ఉప్పెక్కువైనందుకు చెప్పాను, ఆడపడుచు ఫోను ఎత్తనందుకు చెప్పాను, జ్వరం వచ్చి పడుకున్నందుకు చెప్పాను. అద్దం వెనక సౌండాయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "ఇంత బాగా ఎక్కడ నేర్చుకున్నారమ్మా?" అన్నాడు. "ఇంట్లో" అన్నాను. ఆయన నవ్వలేదు.

వెళ్ళబోతుంటే ఇంకో మాట చెప్పాడు. క్షమాపణ కొన్నాళ్ళేనట. సీరియల్ రెండో భాగంలో పిడుగు మళ్ళీ తిరగబడతాడు, పెద్దవాడవుతాడు, ఇంకో ఏడాది పని. "మీరుంటారా లేదా శుక్రవారం పొద్దున్నకల్లా చెప్పాలి. లేకపోతే వేరే గొంతులు వినాలి. మీరే ఉంటే బావుంటుంది" అన్నాడు.

ఆ సీను గురువారం రాత్రి టీవీలో వచ్చింది. మా ఇంట్లో అందరి చేతులూ పళ్ళేల మీదే ఆగిపోయాయి. అత్తగారు బాహాటంగానే ఏడ్చారు. మామగారు "చివరికి దారిలో పడ్డాడు" అన్నారు గానీ, ఆ గొంతులో సంతోషం లేదు. ఏదో ఆట మధ్యలో ఆపేసినట్టు ముఖం పెట్టారు. "మరీ ఇంతలా వంచెయ్యకుండా ఉండాల్సింది వాణ్ణి" అన్నాడు మా ఆయన. టీవీ కట్టేసి నా వైపు తిరిగాడు.

"చెప్పేశావా వాళ్ళకు?"

"లేదు."

"ఇంకెప్పుడు? రేపు నేనే ఫోన్ చేసి చెప్పనా? నీకు మొహమాటం ఎక్కువ."

నేను గిన్నె బల్ల మీద పెట్టాను. మైకు ముందు నిలబడినట్టు కాళ్ళు కాస్త ఎడంగా పెట్టుకుని నిలబడ్డాను. గొంతు కింది నుంచి, పిడుగు మాట ఎక్కణ్ణుంచి వస్తుందో అక్కణ్ణుంచి తెచ్చి అన్నాను. "మానను. ఏం చేసుకుంటారో చేసుకోండి."

ముగ్గురూ ఒక్కసారి టీవీ వైపు చూశారు. తర్వాత నా వైపు. అంతే, ఇల్లు ఎగిరిపోయేలా నవ్వులు. మామగారు చప్పట్లు కొట్టారు. అత్తగారు "అమ్మమ్మ, అచ్చం వాడేనే!" అని బుగ్గలు నొక్కుకున్నారు. మా ఆయన నవ్వు ఆపుకోలేక నీళ్ళు తాగి, "రోజూ విని విని పట్టేశావే! ఇంత విద్య ఉందని ఎప్పుడూ చెప్పలేదేం? ఏదీ, ఇంకోసారి అను" అన్నాడు.

పెళ్ళైన పదహారేళ్ళలో ఆయన నన్ను ఇంకోసారి అనమనడం అదే మొదలు. నవ్వులు ఆగేదాకా ఆగాను.

"మానను" అన్నాను. ఈసారి నా గొంతుతో. కూర ఇంకొంచెం వెయ్యనా అని అడిగేటప్పుడు ఎంత మెల్లగా ఉంటుందో అంత మెల్లగా.

ఎవరూ నవ్వలేదు. మామగారు కిందికి చూసుకుంటూ పళ్ళెంలో వేలితో గీతలు గీశారు. అత్తగారు కొడుకు ముఖం వైపు చూశారు. మా ఆయన లేచి గబగబా వెళ్ళి కిటికీ తలుపులు మూసి, నా వైపు తిరిగాడు.

"ఎందుకలా అరుస్తావు? పక్కింటివాళ్ళు వింటారు."