చాకు వయసు

మా మామగారికి నేను అల్లుణ్ణి కాకముందు పనివాణ్ణి. కత్తెరలకూ కత్తులకూ సాన పట్టే ఆయన దుకాణంలో ఆరేళ్ళు పనిచేశాను. పాత మడత చాకులు పోగు చేయడం, వాటి వయసు చెప్పడం అక్కడే నేర్చుకున్నాను. బ్లేడు పిడిలోకి దిగేచోట గోరంత ముద్ర ఉంటుంది. అందులో అక్షరాలు నిటారుగా ఉన్నాయా, వంపు తిరిగాయా అన్నదాన్ని బట్టి చాకు ఏ ఏళ్ళలో పుట్టిందో తెలుస్తుంది. ముద్ర అబద్ధమాడితే పిడిని బిగించిన రివిట్లు నిజం చెబుతాయి. రివిట్లు కూడా అబద్ధమాడితే, మూసేటప్పుడు స్ప్రింగు చేసే చప్పుడు చెబుతుంది. "మూడూ ఒకే మాట అన్నాకే నువ్వు నోరు తెరవాలి" అనేవాడాయన. నాకు విద్య ఇచ్చాడు, పిల్లనిచ్చాడు. ఒక పేరు కూడా పెట్టాడు.

అది పదకొండేళ్ళ కిందటి మాట. చాకుల పిచ్చోళ్ళం ముప్పై మందిమి ఒకచోట చేరాం. నూరేళ్ళనాటిదని నేను కొన్న చాకును అందరికీ తిప్పి తిప్పి చూపిస్తున్నాను. మామగారు దాన్ని తెరిచాడు, మూశాడు, ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. "వెనిగర్లో నానబెట్టి ముసలితనం తెప్పించారు దీనికి. గాడిదకేం తెలుసు గంధపు వాసన!" అన్నాడు. ముప్పై మందీ పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు. ఆ రోజు నుంచీ ఊళ్ళో నా పేరు గంధం. సైకిల్ షాపువాడు పిలుస్తాడు, నా తోడల్లుడు పిలుస్తాడు. "గంధంగారున్నారా?" అని నా దుకాణానికొచ్చి నన్నే అడిగినవాళ్ళున్నారు. మామగారు మాత్రం ఆ మాట మర్నాటికే మర్చిపోయాడు. అన్నవాడికేం, ఎన్నయినా మర్చిపోతాడు. పడ్డవాణ్ణి నేను.

మా ఊళ్ళో మూతపడ్డ చాకుల ఫ్యాక్టరీ ఆఫీసు గదుల్లో ఈమధ్య మ్యూజియం పెట్టారు. ఫ్యాక్టరీ తెరిచిన మొదటి నాలుగేళ్ళలో తయారైన చాకు వాళ్ళకి ఎక్కడా దొరకలేదు. మామగారి దగ్గర ఒకటుంది. ఆయన తాత అదే ఫ్యాక్టరీలో సానరాయి ముందు ఇరవయ్యారేళ్ళు కూర్చుని, రాతిదుమ్ము మింగి మింగి, చివరికి దగ్గలేక చచ్చిపోయాడు. ఆయనకి ఫోటో లేదు. ఫ్యాక్టరీ కాగితాల్లో పేరు లేదు. ఆయన చేతిమీదుగా తయారై ఇంటికొచ్చింది ఆ చాకు ఒక్కటే. దాన్ని మ్యూజియం అద్దాల బీరువాలో పెట్టాలి, కింద అట్టముక్క మీద తాత పేరు రాయాలి. ఎనభై ఒకటో ఏట మా మామగారు ఈ లోకాన్ని అడిగింది అంతే.

సొంతదారు చెప్పిన వయసు మ్యూజియంవాళ్ళు ఒప్పుకోరు. తెలిసినవాడు ఇంకొకడు చూసి సంతకం పెట్టాలి. ఊళ్ళో అలా తెలిసినవాణ్ణి నేనే.

ఆదివారం పొద్దున్నే మ్యూజియం ఆవిడ ఫైలు పట్టుకుని మామగారింటికొచ్చింది. ఆయన ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, పెళ్ళిచూపులకి కూర్చున్నవాడిలా కుర్చీ అంచున కూర్చున్నాడు. నేను భూతద్దం తీశాను. ముద్రలో అక్షరాలు నిటారుగా ఉన్నాయి, మొదటి నాలుగేళ్ళవే. రివిట్లు ఇనుపవి, సుత్తితో కొట్టినవి, ఎముక పిడిలో కలిసిపోయి ఉన్నాయి. బ్లేడు సాన పట్టీ పట్టీ సగమై ఉంది. మూశాను. టక్కుమని ఒకే ఒక్క చప్పుడు, శుభ్రంగా. మూడూ ఒకే మాట అన్నాయి. అంత నికార్సయిన చాకు నా జన్మలో చూడలేదు.

"ముద్ర పాతదే, రివిట్లూ పాతవే," అన్నాను. "కానీ బ్లేడు ఈ పిడిది కాదేమోనని నాకు అనుమానం."

మామగారు ముందుకు వంగాడు. "ఎందులో వచ్చింది అనుమానం?"

"చప్పుడులో, మామయ్యా."

ఆయన చెవులు రెండేళ్ళుగా సన్నటి చప్పుళ్ళని పట్టుకోవడం మానేశాయి. ఆ సంగతి ఆయన ఎవరికీ చెప్పలేదు. నేను మాత్రం కనిపెట్టాను. ముద్ర అని ఉంటే భూతద్దం అడిగేవాడు, రివిట్లు అని ఉంటే వేలితో తడిమేవాడు. చప్పుడును ఆయన ఇక పరీక్షించలేడు, అందుకే దాన్ని ఏరుకున్నాను.

చాకును చెవికి ఆనించుకుని తెరిచాడు, మూశాడు. మళ్ళీ తెరిచాడు, మళ్ళీ మూశాడు. ఏడెనిమిదిసార్లు. ఆయన మొహం చూస్తుంటే నాకు సంతోషమేసింది. దాచుకోవడం దేనికి? కడుపు నిండా సంతోషమేసింది.

"విప్పి చూస్తే తేలిపోతుందా?" అని అడిగింది మ్యూజియం ఆవిడ.

"విప్పకూడదమ్మా," అన్నాడు మామగారు. "ఆ రివిట్లు ఆనాటి మనిషి కొట్టినవి. ఒక్కసారి తీశామంటే అది ఇంక ఆ చాకు కాదు, ముక్కలు."

"మా రూలూ అదేనండీ. విప్పింది తీసుకోం. అనుమానం ఉన్నది బీరువాలో పెట్టలేం. కావాలంటే లోపల సొరుగులో ఉంచుతాం, పేరు రాయకుండా." ఫైలు మూసి, కాఫీ తాగి వెళ్ళిపోయింది.

నిజం చెప్పాలంటే నేను దాన్ని అక్కడితో వదిలేద్దామనుకోలేదు. ఓ నెల ఉడకనిచ్చి, నలుగురి ముందు ఆయనచేత బతిమాలించుకుని, "మళ్ళీ చూశాను, బాగానే ఉంది" అని సంతకం పెడదామనుకున్నాను. ఒక్క నెల. నా పదకొండేళ్ళతో పోలిస్తే అదెంత?

బుధవారం మధ్యాహ్నం నా భార్య పుట్టింటి నుంచి ఫోన్ చేసింది. "నాన్న మిమ్మల్ని వెంటనే రమ్మంటున్నారు" అంది. బతిమాలడం అప్పుడే మొదలైందని, దారిపొడుగునా ఈల వేసుకుంటూ వెళ్ళాను.

బల్ల మీద న్యూస్‌పేపరు పరిచి ఉంది. దాని మీద చాకు విప్పేసి ఉంది. బ్లేడు ఒకచోట, స్ప్రింగు ఒకచోట, పిడి తాలూకు ఎముక చెక్కలు రెండు, వాటికి లోపలుండే ఇత్తడి రేకులు రెండు. రివిట్లు చితికి, విరిగి, గిన్నెలో ఉన్నాయి. ఒక చెక్క అంచున కొత్త పగులు. మామగారి బొటనవేలికి గుడ్డ చుట్టి ఉంది. మొహం మాత్రం వెలిగిపోతోంది.

"రారా, రా! ఇటు చూడు." ఇత్తడి రేకును వెనక్కి తిప్పి భూతద్దం నా చేతికిచ్చాడు. రేకు లోపలివైపు మూడు నిలువు గీతలు, వాటి మీదుగా ఒక అడ్డగీత. బ్లేడులో పిడి లోపల దాగి ఉండే భాగం మీద కూడా అవే గీతలు.

"తాతకి చదువు రాదు. బ్లేడు లోపముండి తిరిగొస్తే తప్పు ఎవరిదో తెలియాలని, సాన పట్టేవాళ్ళు లోపల తలా ఒక గుర్తు గీసేవాళ్ళట. మా తాతది ఇదీ అని మా నాన్న నేల మీద గీసి చూపించేవాడు. బ్లేడు ఈ పిడిదేరా! తాతదే!"

భూతద్దం బల్ల మీద పెట్టాను. "మామయ్యా, మ్యూజియంవాళ్ళు ఇంక దీన్ని తీసుకోరు" అన్నాను.

"తెలుసు."

"తెలిసీ ఎందుకు విప్పారు?"

"నువ్వే కదరా అనుమానం అన్నావు. నాకా వినబడదు. నీ చెవి నేను తయారు చేసిన చెవి, అది తప్పు చెప్పదు. మరి తప్పు ఎవరిది? తాత మా నాన్నకి ఏదో అతుకుల చాకు అంటగట్టి గొప్పలు చెప్పుకున్నాడనుకున్నాను. మూడు రోజులు ఆ ముసలాణ్ణి నోటికొచ్చినట్టు తిట్టానురా. దుమ్ము మింగి చచ్చిన మనిషిని పట్టుకుని దొంగ అన్నాను." గుడ్డ చుట్టిన బొటనవేలితో ఆ గీతల్ని మెల్లగా తడిమాడు. "బీరువా లేకపోతే పీడా పోయింది. ఆ అనుమానం పెట్టుకుని నేను చావలేను."

నా భార్య గుమ్మంలో నిలబడి ఇదంతా వింటోంది. ఇరవయ్యేళ్ళుగా నాతో కాపురం చేస్తున్న మనిషి. "ఏమండీ," అంది. "ఆదివారం మీకు నిజంగానే అనుమానం వచ్చిందా?"

ఆయన కూడా తల ఎత్తి నా వైపు చూశాడు. ఆ చూపులో ప్రశ్న లేదు. నేను చెప్పబోయేది విని కూతురికి బుద్ధి వస్తుందని ఎదురుచూస్తున్నాడంతే.

"వచ్చింది" అన్నాను.

"విన్నావా?" అన్నాడు కూతురితో. "చాకుల విషయంలో వాడు నాతో అబద్ధమాడడే." ముక్కల్ని ఒక్కొక్కటే ఏరి నా అరచేతిలో పెట్టాడు. "నా చేతులు వణుకుతున్నాయి. నువ్వే బిగించు. అనుమానం లేని చేత్తో బిగించు."

నా భార్య లోపలికెళ్ళి సుత్తి తెచ్చి బల్ల మీద పెట్టింది. నా మొహం చూడకుండానే వెళ్ళిపోయింది.