నా కొసన ముడి

నేను ఒక స్కార్ఫ్‌ని. మూడు మూలలు, ఆకుపచ్చ రంగు, తెల్ల అంచు. పరేడ్ రోజున గైడ్ పిల్లల మెడలో కనబడతాను. చెయ్యి విరిగితే కట్టుగా, తల పగిలితే పట్టీగా పనికొచ్చేలా నన్ను కుట్టారు. ఈ మాట గుర్తుపెట్టుకోండి. ఇప్పుడు నాతో ఏం తుడుస్తున్నారో తర్వాత చెబుతాను.

మా వంశం చిన్నదేమీ కాదు. నూరేళ్ల కిందటి మాట. ఒక ఇంగ్లీషు సైనికాధికారి కొందరు మగపిల్లల్ని ఒక దీవికి తీసుకెళ్లి గుడారాల్లో ఉంచాడు. స్కౌటింగ్ అలా మొదలైంది. తర్వాత వాళ్ల పెద్ద సభకి ఆడపిల్లలు పిలవకుండానే వచ్చి, మేమూ స్కౌట్లమే అని నిలబడ్డారు. గైడ్స్ అలా పుట్టింది. ఈ దేశంలో మాత్రం మొదట్లో మన పిల్లల్ని చేర్చుకోలేదు. స్కౌట్లందరూ అన్నదమ్ములని నియమం రాసుకున్నవాళ్లే ఆ పని చేశారు! మనుషులు రాసుకునేది ఒకటి, చేసేది ఒకటి.

నేను చేరింది విజయనగరం వైపు ఒక పల్లె హైస్కూల్లో. గైడ్ పిల్లలకి కెప్టెన్ అరుంధతి టీచర్. ఆవిడ పిల్లల్ని చిన్న చిన్న జట్లు చేసి, పూల పేర్లు పెట్టి, జట్టుకో నాయకురాలిని ఎంచింది. మల్లె జట్టు నాయకురాలు పైడితల్లి. నేనుండేది ఆమె మెడలోనే. నోరు విప్పడానికి సిగ్గుపడే పిల్ల. ఆమె కల ఒక్కటే, జిల్లా క్యాంపుకి వెళ్లి గుడారంలో పడుకోవడం.

టీచర్ రెండు సంగతులు నేర్పింది. పొద్దున్నే నా కొసన ముడి వెయ్యాలి, ఒక మంచి పని చేశాకే విప్పాలి. రెండోది, గైడ్లు ఎడమ చెయ్యి కలుపుతారు. "డాలు పట్టేది ఆ చేత్తోనే. డాలు దించి ఆ చెయ్యి ఇచ్చామంటే, నిన్ను నమ్మామని అర్థం."

పరేడ్ రోజున, పిల్లలకి తన డబ్బుతో యూనిఫారాలు కుట్టించిన ఊరి పెద్ద సన్యాసినాయుడు గారు ముఖ్య అతిథిగా వచ్చారు. వరసలో ముందున్న పైడితల్లి వైపు చెయ్యి చాచారు. ఆమె సెల్యూట్ చేసి, ఎడమ చెయ్యి ఇచ్చింది.

"ఏటే, నాకు ఎడం సెయ్యిస్తావా? మీ అయ్య నేర్పిన మర్యాద ఇదేనేటి?"

వెనక నుంచి ఎవడో అరిచాడు. "అది తినేదీ ఆ సేత్తోనే బాబూ!" అందరూ నవ్వారు.

పైడితల్లి టీచర్ వైపు తిరిగింది. "టీచరుగారే సెప్పినారండి," అంది.

"నేనెందుకు చెబుతానండీ! పల్లెటూరి పిల్ల, తెలీదు. మన్నించండి," అంది టీచర్. అని, అందరి ముందూ నన్ను ఆ పిల్ల మెడలోంచి లాగేసింది. క్యాంపుకి ఇంకొకరిని పంపింది.

గైడ్ నమ్మదగినది. ఇది మా మొదటి నియమం. పిల్లల చేత రోజూ చెప్పించేది ఆవిడే.

ఇప్పుడు నేను స్టాఫ్‌రూమ్‌లో ఉన్నాను. బల్ల మీద టీ ఒలికితే నాతోనే తుడుస్తారు. టీచర్ తుడిచినప్పుడల్లా నా కొసన ముడి ఆవిడ వేళ్లకి తగులుతుంది. గోళ్లతో లాగి చూసింది, పళ్లతో పీకి చూసింది. రాలేదు.

రాదు. ఆ రోజు పొద్దున్న వేసింది పైడితల్లి. టీచర్ "నేనే నేర్పాను" అని పదిమందిలో ఒక్క మాట చెప్పి, ఆ పిల్లకి ఎడమ చెయ్యి ఇచ్చిన రోజున, వేలు తగలగానే ముడి వదిలేస్తాను. అప్పటిదాకా కత్తిరించుకోమనండి, విప్పనివ్వను.