దర్జీ నడుము

అసలు గుప్పెడంటే ఎవరి గుప్పెడు, నాదా, మా ఆవిడదా, డాక్టరు ఆ మాట చెప్పి చావలేదు, ఉప్పూ నూనే తగలని గింజలు రోజుకో గుప్పెడు తినండి, లివర్‌లో కొవ్వుకి మంచిది అన్నాడంతే, ఆ రోజు నుంచి మిషను పక్కన ఓ డబ్బా, కత్తెర పక్కన ఓ డబ్బా, బాదంపప్పులు నమిలి నమిలి దవడలు లాగేస్తున్నాయి, ఆ మూల గుండీలు కుట్టుకునే బావమరిదికి ఇదో వేళాకోళం, ఉడుతలైనా మధ్యలో కాస్త ఆగుతాయి బావా అంటాడు, ఆరు నెలలు ఒక్క పూట మానకుండా తిన్నాను, తీరా పొద్దున స్కానింగు చూసి డాక్టరు ఏమన్నాడు, కొవ్వు పెరిగిందట, లివరు గట్టిపడడం మొదలైందట, ఇప్పుడు మేలుకుంటే బాగవుతుంది, ఇంకో ఏడాది ఇలాగే గడిస్తే నా చేతుల్లో ఏమీ ఉండదు అన్నాడు, మరి నేను తిన్నదంతా ఏట్లో కలిసినట్టేనా.

గింజలు తిన్నారు సరే, వాటి బదులు ఏం మానేశారు అని అడిగాడు, మానేయడమేమిటండీ, మందు వేసుకుంటున్నామని భోజనం మానేస్తామా అన్నాను, ఆయన కళ్ళజోడు తీసి కళ్ళు నలుముకున్నాడు, మీరే చెప్పారుగా, టీలోకి బిస్కెట్లు, పదకొండింటికి బన్ను, సాయంత్రం చిప్సు, వాటి మీద గింజలు, అవీ తిండే కదండీ, చిప్సూ బిస్కెట్ల బదులు తినమన్నాను గానీ వాటితో పాటు కాదు అన్నాడు, ఆ ముక్క మొదటే ఏడవచ్చుగా, పైగా బరువు చూసే మిషను ఎక్కించి పెదవి విరిచాడు, మీ మిషను సంగతేమో గానీ నా ప్యాంటు నాకు సరిగ్గా సరిపోతోందండీ అన్నాను, పక్కన మా ఆవిడ నోరు మెదపలేదు, దారి పొడుగునా మెదపలేదు, నాలుగు తిట్టినా బాగుండును, తిట్టే మనిషి తిట్టకపోతే ఒళ్ళు మండుతుంది.

ఆ ప్యాంటే ఇప్పుడు నా ఒళ్ళో ఉంది, డాక్టరు ముందు కూర్చోగానే పట్టేసింది, కొట్టుకి రాగానే వేరేది తొడుక్కుని దీని వెనక కుట్టు విప్పుతున్నాను, అరంగుళం వదిలితే సరి, ఎంతసేపు, వానలప్పుడూ వదిలాను, గిరాకీలైతే బిగిసిన ప్యాంటు పట్టుకొచ్చి నా ముందు సిగ్గుపడాలి, నాకేం ఖర్మ, మిషను నాది, బిగిసిన రోజే వదులైపోతుంది, ఇదేమిటి, లోపల మడిచిన గుడ్డ ఏది, అంచు దాకా వచ్చేసింది కుట్టు, ఇంక వదలడానికి నూలుపోగంత లేదు, పాత కుట్ల చిల్లులు మాత్రం వరసలు వరసలుగా, నాలుగు వరసలు, నాలుగుసార్లు విప్పానా నేను.

భయం వేసింది, పొద్దుటి నుంచీ ఉన్నది భయమే, దాన్ని కోపమనుకుని డాక్టరు మీదా బాదంపప్పు మీదా కక్కుతున్నాను, నాకు ఇంకా బతకాలని ఉంది, టేపు తీసి నడుముకి చుట్టుకున్నాను, ముప్ఫై ఆరు, అప్పుడు తెలిసింది ఊపిరి బిగబట్టానని, పొట్ట దానంతటదే లోపలికి పోయింది, ఏమోయ్, ఇలా వచ్చి ఇది నువ్వు పట్టుకో అన్నాను, గుమ్మం దగ్గర కాజాలు కుడుతున్న మా ఆవిడ సూది పక్కన పెట్టి వచ్చింది, ఊపిరి వదలండి అంది, వదిలాను, నలభై అంది, ఇంకోసారి చూడమన్నాను, చూసింది, నలభయ్యే, ఊరందరి కొలతలూ నిజం చెప్పిన ఈ చెయ్యి నా దగ్గరికొచ్చేసరికి నాకే అబద్ధం చెబుతోంది.