ఆ ఒక్క పేరా

"ఆ ఒక్క పేరా తీసెయ్, అంతే గదా," అంటూ గిరీష్ దోసె ఆఖరి ముక్క చట్నీలో అద్దుకున్నాడు. "కథ అట్లనే ఉంటాది. ఎవురికీ నష్టం లేదు."

నాగరత్న పెనం మీద ఇంకో దోసె తిరగేసింది. ఇంత నెమ్మదిగా అడిగాడంటే అది అడగడం కాదని ఇన్నేళ్ళ కాపురంలో ఆమెకు బాగానే తెలుసు. కేకలేసే మొగుడైతే తిరిగి ఒక కేకైనా వేయొచ్చు. ఈయన కేకలేయడు. చట్నీ బాగుందంటాడు, ఆ వెంటనే సాయంత్రానికల్లా పని అయిపోవాలంటాడు.

"నాయన ఫోటోకి దండేసి అంగడి తెరుస్తాను రోజూ. నాయన అమ్మను కొట్టినాడని నువ్వు ఆదివారం పుస్తకం ఫంక్షనులో మైకు ముందర చదివితే, సోమవారం నేను ఏ మొకం పెట్టుకోని షట్టర్ ఎత్తల్ల? అమ్మకు ఎంత బేజారవుతాదో ఆలోచించినావా?"

చెయ్యి కడుక్కుని వెళ్ళిపోయాడు. చిక్కపేటలో లైనింగ్ గుడ్డలమ్మే అంగడి వాళ్ళది, నాలుగడుగులేస్తే వచ్చేస్తుంది.

తప్పంతా తన అక్షరాలదేనని నాగరత్నకు ఉక్రోషం వచ్చింది. ఈ పేటలో పుట్టిన తెలుగువాళ్ళందరిలాగే ఆమెకూ ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం. మాట వచ్చు, రాత రాదు. అందుకే తెలుగు కథను కన్నడ అక్షరాల్లో ఫోనులో రాసుకుంటుంది. కుందలహళ్ళిలో ఉద్యోగం చేసే వర్షిణి దాన్ని తెలుగు అక్షరాల్లోకి దించుతుంది. ఒంగోలు నుంచి వచ్చిన ఆ పిల్లకు ఒకటే పిచ్చి, బెంగళూరులో ఏ మూల ఎవరు కొత్తగా తెలుగు రాస్తున్నా పట్టుకొచ్చి ఒకే పుస్తకంలో వేయాలని. ఏసీలు బాగుచేసే రియాజ్ కథ కూడా అందులో ఉంది. నాగరత్న తెలుగు అక్షరాల్లో రాసి ఉంటే గిరీష్‌కు ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. నిన్న ఛార్జింగులో ఉన్న ఫోను తీసి అంతా చదివేశాడు. చదవనంతవరకూ మాత్రం అంగడికొచ్చిన ప్రతివాళ్ళకూ "మా ఇంట్లో రైటర్ ఉండాది" అని చాటింపు వేశాడు. మీ చేత రాయిస్తున్నదేమిటో నాలుగు మాటల్లో చెప్పమని వర్షిణి అందర్నీ అడిగితే, నాగరత్న బదులు ఆయనే చెప్పేశాడు. భర్త ప్రోత్సాహం, అత్తగారి ఆశీర్వాదం. ప్రోత్సాహమట. అంగడికొచ్చే చీరలన్నిటికీ ఫాల్ కుట్టేది ఈ ప్రోత్సాహం పొందిన చేతులే. అలిసిపోయానని ఒకసారి నోరు తెరిస్తే, "కుట్టేదానికి చేతులుంటే చాలు, నోరెందుకే" అంది ఆశీర్వాదం ఇచ్చిన అత్త. రియాజ్ మాత్రం, మేడల మీద పని చేస్తుంటే ఊరంతా వెనకవైపు నుంచి కనిపిస్తుంది, అందుకే రాస్తాను అన్నాడు. ఎవరినీ అడక్కుండా అంత మాట చెప్పగలిగినందుకు నాగరత్నకు అతని మీద అసూయ పుట్టింది.

వంటిల్లు సర్దుకుని ఫోను తీసింది. సాయంత్రానికి పుస్తకం ప్రెస్సుకు పోతుంది. ఆ పేరాలో ఉన్నది ఇంతే. మొగుడు ఎక్కువ రేటు చెబుతున్నప్పుడు, కొనడానికొచ్చిన గిరాకీ ముందే అసలు రేటు నోరు జారిందొక ఆడమనిషి. ఆయన గోడౌనులోకి లాక్కుపోయి కొట్టాడు. పోయిన చలికాలం అనపగింజల పొట్టు తీసి పితకపప్పు చేసుకుంటూ అత్త చౌడమ్మ చెప్పిన సంగతి అది. "ఒకామె ఉండె" అని మొదలుపెట్టింది గానీ, ఆ ఒకామె ఎవరో నాగరత్నకు అప్పుడే అర్థమైంది. ఆ పేరా తీసేస్తే కథలో మిగిలేది లైనింగ్ గుడ్డల రంగులే. ఆ పేరా మొత్తం ఫోనులో సెలెక్ట్ చేసి పెట్టుకుంది. ఒక్కసారి నొక్కితే పోతుంది. వేలు కదల్లేదు. తీసే హక్కు ఆయనకు లేదు, నిజమే. ఉంచే హక్కు మాత్రం తనకెక్కడిది? లేచి హాల్లోకి వెళ్ళింది.

చౌడమ్మ నానిన అనపగింజలు ముందేసుకుని కూర్చుంది. వేళ్ళ మధ్య నొక్కి పొట్టు విడదీస్తోంది.

"అత్తా, ఒకటి చదువుతాను. వినండి."

"నా చెవులకేం పని, చదువు."

ఫోనులో చూస్తూ మొదలుపెట్టింది. గోడౌను దగ్గరికొచ్చేసరికి గింజలు నొక్కే చప్పుడు ఆగిపోయింది. చదవడం అయ్యాక తలెత్తి చూడాలంటే భయమేసింది.

"అది నేనే గదా," అంది చౌడమ్మ.

"అవునత్తా. మీరొద్దంటే తీసేస్తాను. మీ కొడుకు తీసెయ్యమంటా ఉండాడు. మీకు బేజారవుతాదంట."

"నాకా? బేజారు నాకు కాదులే, వాడికి." మళ్ళీ ఒక గింజ తీసుకుంది, కానీ నొక్కలేదు. "చేత్తో కొట్టినాడని రాసినావు. చేత్తో కాదు. బట్ట కొలిచే ఇనప కడ్డీతో. నన్ను పట్టుకోని ఉండె గదా, ఆయనకు చెయ్యి ఖాళీ లేదు. కడ్డీ ఏమో ముందర గల్లా కాడ ఉండె. తెమ్మని కేకేసినాడు. ఎవురు తెచ్చిచ్చినారో నువ్వూ అడగలే, నేనూ చెప్పలే."

ఈ ఇంట్లో ఉన్నది ఒక్కడే కొడుకు.

"చిన్నోడు, భయపడినాడు, దానికి నేను ఏమీ అనను," అంది చౌడమ్మ. "ఇచ్చి పరిగెత్తుతాడనుకుంటి. పోలే. అంతా చూసినాడు. అయిపోయినాక కడ్డీ తీసుకపోయి గల్లా కాడ పెట్టొచ్చినాడు. రాత్రికి అన్నం పెడితే, ఇంకమీద రేటు చెప్పొద్దమ్మా అన్నాడు నాతో. నీ మాదిరే చానా నెమ్మదిగా మాట్లాడతాడు గదా వాడు, అట్లనే."

నెమ్మది తనది కాదని చెప్పాలనిపించింది నాగరత్నకు. తనది భయం. కానీ ఆ సంగతి అత్తకు తెలియకుండా ఎట్లా ఉంటుంది?

"ఏం చెయ్యల్ల అత్తా?"

"రాస్తే అంతా రాయి. లేకుంటే సుమ్నే నోరు మూసుకోనుండు. సగం సగం నాకొద్దు."

సాయంత్రం గిరీష్ వచ్చేసరికి నాగరత్న చీరకు ఫాల్ కుడుతోంది. చెప్పులు విడుస్తూనే అడిగాడు.

"మార్చినావా?"

"మార్చినా. వర్షిణికి పంపేసినా."

"నాకు తెలుసు నువ్వు తెలివైందానివని. కాఫీ కలుపు."

ఆమె లేవలేదు. దారం కొరికి, సూది గుడ్డకు గుచ్చి పెట్టింది.

"చెయ్యి అని రాసుంటిని. కడ్డీ అని మార్చినా. అది ఎవురు తెచ్చిచ్చినారో కూడా రాసినా."

గిరీష్ అక్కడే నిలబడిపోయాడు. గొంతు బాగా తగ్గించి, "అమ్మకు తెలిస్తే ఏమైపోతాదో..." అన్నాడు.

"అమ్మే చెప్పింది," అంది నాగరత్న. "నేను రాసుకున్నా."