మనిషి చెయ్యి కాదట

“ఊరికే కూర్చున్నావుగా స్టెల్లా, కాస్త రాళ్ళు కొడుతూ ఉండు” అని పాత ఫోను స్టవ్వు పక్కన డబ్బాకి ఆనించి డ్యూటీకి వెళ్ళిపోయాడు హెన్రీ. ఊరికే కూర్చోవడమంటే ఏమిటో ఏలూరులో ఆ ఇంటికొచ్చి చూడాలి. ఒక పొయ్యి మీద అత్తగారు వరమ్మగారికి జావ, రెండో పొయ్యి మీద చేపల పులుసు, కాళ్ళ దగ్గర బకెట్లో నానుతున్న కూతురు ఏంజెల్ యూనిఫారాలు. ఇన్నిటి మధ్య పాపం ఎడమచేతి బొటనవేలు ఖాళీగా ఉందని దానికీ ఓ పని పెట్టారు. ఆ ఫోన్లో హెన్రీ ఆడే ఆట ఒకటుంది, అందులో ఓ కొండ ఉంటుంది. దాన్ని వేలితో కొడితే రాయి రాలుతుంది. రాళ్ళు పోగైతే కోట లేస్తుంది, కోట లేస్తే పక్క జట్టు మీదికి యుద్ధానికి వెళ్ళొచ్చు. సాయంత్రం ఇంటికొచ్చి యుద్ధాలు చేసేది హెన్రీ. పొద్దున్నించీ రాళ్ళు కొట్టేది స్టెల్లా. మూడేళ్ళుగా ఇదే వరస.

హెన్రీ చెడ్డవాడంటే కళ్ళు పోతాయి. తాగడు, గొంతు పెంచడు. దెందులూరు దగ్గర చేపల మేత గోడౌన్లో స్టోర్‌కీపరు, ఆదివారం చర్చిలో కానుకల సంచి పట్టే మనిషి. ఆటలో నలభై మంది ఉన్న ‘కొల్లేటి గద్దలు’ జట్టుకి నాయకుడు. ఆ నాయకుడికి నీతి అంటే ప్రాణం. మనిషి ముట్టుకోకుండా దానంతటదే రాళ్ళు కొట్టుకుపోయే చిన్న ప్రోగ్రాం ఒకటుంది, మాక్రో అంటారు. తాడేపల్లిగూడెంలో బియ్యం మిల్లులో పనిచేసే సాయితేజ అది వాడుతూ దొరికిపోతే, అందరూ ఫోన్లలో వింటుండగా హెన్రీ ఇచ్చిన ఉపన్యాసం పాస్టరుగారి ప్రసంగానికి తీసిపోదు. “మిషను కొట్టిన రాయీ, నేను చెమటోడ్చి కొట్టిన రాయీ ఒకటేనా తమ్ముడూ? అది దొంగతనం కాదూ?” అన్నాడు. “పన్నెండు గంటల షిఫ్టు అన్నా, మీతో సమానంగా ఎలా కొట్టమంటారు?” అన్నాడా అబ్బాయి, ఏడుపు గొంతుతో. “ఏం, నేను డ్యూటీ చెయ్యట్లేదా? మనసుంటే మార్గం ఉంటుంది” అని జట్టులోంచి తీసేశాడు. ఆ మాటలన్నంతసేపూ ఆయన వెనకాలే పీట మీద కూర్చుని చిక్కుళ్ళకి ఈనెలు తీస్తూ, మధ్య మధ్య రాళ్ళు కొడుతూనే ఉంది స్టెల్లా. ఓరి నాయనో, ఆ చెమట ఎవరిదో ఆయనకి ఒక్కసారీ గుర్తు రాలేదు.

ఆమెకి కోపం కూడా సరిగ్గా రాలేదు, అదీ ఆమె ఖర్మ. ఆలోచించింది మాత్రం. పని మిషనుకి అప్పజెబితే పాపమట, పెళ్ళానికి అప్పజెబితే సంసారమట. తను చేస్తే కష్టం, ఇంకోటి చేస్తే మోసం అని ఇంత ఖచ్చితంగా తెలిసిన మనిషికి, మూడోది ఒకటుందని తెలియకపోవడం ఎలా కుదిరింది? నిజానికి ఆ కొండంటే ఆమెకి ఇష్టం కుదిరింది కూడా. అంట్లు తోమితే మళ్ళీ అంట్లు పడతాయి, ఉతికితే మళ్ళీ మాస్తాయి. ఆ రాళ్ళు మాత్రం ఎన్ని కొడితే అన్నీ లెక్కలో నిలబడేవి. జిల్లాలో రాళ్ళు కొట్టేవాళ్ళ జాబితాలో ఆ ఖాతా ఏడో స్థానానికొచ్చిన రోజు హెన్రీకి అభినందనలు వెల్లువెత్తాయి. ఆయన పొంగిపోయి, అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు, సగం రాళ్ళు జట్టులో అందరికీ పంచిపెట్టాడు. “ఏవండీ, నాకూ ఓ పేరు పెట్టి వేరే ఖాతా ఇవ్వరాదూ?” అని ఆ రోజే అడిగింది. “నాదంటే నీది కాదా ఏంటి? అయినా అంతా మగాళ్ళు, వాళ్ళ మధ్య నీకెందుకు చెప్పు” అన్నాడు ప్రేమగానే. బంగారం అడగలేదు, చీర అడగలేదు. ఇవి మా ఆవిడ కొట్టిన రాళ్ళండీ అని ఒక్కసారి, ఒక్కరితో అంటే చాలనుకుంది. ఆ ఒక్క మాట కోసం మూడేళ్ళు చూసింది.

శనివారం ఆట కంపెనీ వాళ్ళ నుంచి, జట్టులో అందరికీ కనిపించేలా, హెచ్చరిక వచ్చింది. ఈ ఖాతాలో దెబ్బకీ దెబ్బకీ మధ్య ఎడం రోజంతా ఒకేలా ఉంది, ఇది మనిషి చెయ్యి కాదని అనుమానంగా ఉంది, మాక్రో వాడినట్టయితే సంజాయిషీ ఇచ్చుకోవాలి అని. హెన్రీ ముఖం మాడిపోయింది. స్టెల్లాకి మాత్రం చదవగానే అర్థమైంది. పెళ్ళికి ముందు ఆమె మండవల్లి దగ్గర రొయ్యల షెడ్డులో ఆరేళ్ళు తలలు తీసింది. ఐసు నీళ్ళలో వేళ్ళు మొద్దుబారిపోతాయి, ఒక్కోటీ కంటితో చూసుకుంటూ కూర్చుంటే పని సాగదు. “లోపల పాట పాడుకోవే పిల్లా, చెయ్యి పాట వెంట పోవాలి. తప్పావా, మేస్త్రీ నిన్ను రేపు రానివ్వడు” అని పక్కన నిలబడే కాంతం నేర్పింది. చర్చి పాటకి దరువేసినట్టు, దరువుకో రొయ్య. ఆ చెయ్యే ఇప్పుడు దరువుకో రాయి కొడుతోంది. తన చేతిని మిషనన్నారని తెలిసి ఆమెకి ముందు నవ్వొచ్చింది. తర్వాత, సిగ్గు లేకపోతే సరి, గర్వం కూడా కలిగింది. ఇంక దాచడానికి లేదు, ఇప్పుడు ఆయన నా పేరు చెప్పక తప్పదు అనుకుంది.

ఆదివారం చర్చి నుంచి రాగానే జట్టంతా వీడియోలో కూర్చున్నారు. స్టెల్లా చర్చికి కట్టుకున్న చీర మార్చుకోలేదు. జడ సరిచేసుకుని, చేతులు తుడుచుకుని గుమ్మం దగ్గర నిలబడింది. జట్టులో పెద్దాయన సుబ్బరాజుగారు, కైకలూరు వైపు చెరువులున్నాయి ఆయనకి, మర్యాదగానే మొదలుపెట్టారు. “మీ మీద నమ్మకం లేక కాదండీ హెన్రీ గారూ. ఓ పది నిమిషాలు మా ముందు కొట్టి చూపించండి, సరిపోతుంది.” హెన్రీ కొట్టాడు. నాలుగు గబగబా, రెండు నెమ్మదిగా. మూడో నిమిషానికి వేలు నొప్పెట్టి చెయ్యి దులుపుకున్నాడు. సుబ్బరాజుగారే మళ్ళీ, “ఇంట్లోవాళ్ళు ఎవరైనా కొట్టి పెడుతున్నారాండీ? అలాగైతే తప్పేం లేదు, రూల్సు ఒప్పుకుంటాయి. ఆ మాట చెప్పేయండి” అన్నారు.

హెన్రీ గుమ్మం వైపు చూశాడు. స్టెల్లా ఒక అడుగు ముందుకేసింది. పెళ్ళిచూపుల్లో కూడా ఆమె అంత ఆశపడలేదు.

“ఇంట్లోవాళ్ళెవరూ లేరండీ” అన్నాడు హెన్రీ, తల దించుకుని. “మాక్రోయే. తప్పయిపోయింది, క్షమించండి.”

తర్వాత ఎవరో చప్పట్లు కొట్టారు. నిజం ఒప్పుకోవడానికి గుండె కావాలండీ అన్నారు. సాయితేజని వెళ్ళగొట్టిన తప్పుకే హెన్రీని మెచ్చుకున్నారు. వారం రోజులు యుద్ధాలు మానమని చెప్పి, నాయకుడిగా ఆయన్నే ఉండమన్నారు.

అన్నం వడ్డిస్తూ అడిగింది స్టెల్లా. “తప్పేం లేదన్నారు కదండీ. నేనని ఎందుకు చెప్పలేదు?”

“పిచ్చిదానా” అన్నాడు హెన్రీ, పులుసు కలుపుకుంటూ. “మాక్రో అంటే ఏదో తెలివిగలవాడు, కక్కుర్తిపడ్డాడు అనుకుంటారు. మూడేళ్ళు పెళ్ళాం కొట్టి పెట్టిందంటే నా ముఖాన ఉమ్మరూ?” పక్కనుంచి వరమ్మగారు, “మొగుడి పరువు కంటే నీ పేరు ఎక్కువా ఏంటే నీకు?” అన్నారు. ఆయన చెయ్యి కడుక్కొచ్చి పాత ఫోను తెరిచి, మెత్తగా ఆమె చేతిలో పెట్టాడు. “మళ్ళీ అనుమానం రాకూడదు స్టెల్లా. ఇక నుంచి అంత ఒకేలా కొట్టకు. కాస్త ఆగుతూ, తడబడుతూ, మనిషిలా కొట్టు.”

ఆయన పడుకున్నాక ఆమె అంట్ల ముందు కూర్చుని ప్రయత్నించింది. ఒకటి కొట్టి ఆగింది. రెండు కొట్టి తప్పింది. నాలుగోదానికే చెయ్యి తన దారిన తను పోయి పాటలో పడిపోయింది. ఇంక ఆ చేతికి వేరే నడక రాదని తెలిసిపోయి, ఆమెకి కళ్ళనీళ్ళు తిరిగాయి. ఫోను తుడిచి జట్టు మాట్లాడుకునే చోటు తెరిచింది. ఆయన తిడితే తిట్టనీ అనుకుంది. ఒక్కో అక్షరం వెతుక్కుంటూ రాసింది. “అది మాక్రో కాదండీ. ఆ రాళ్ళు కొట్టింది నేను. నా పేరు స్టెల్లా.” పంపించింది. హెన్రీ ఫోను, హెన్రీ ఖాతా, హెన్రీ పేరు మీదే వెళ్ళింది. ముందు ఒక నవ్వు బొమ్మ వచ్చింది, దాని వెనకాల పది, ఇరవై వచ్చాయి. తర్వాత సుబ్బరాజుగారి జవాబు వచ్చింది.

“భలేవారే హెన్రీ గారూ, మాక్రోకి పేరు కూడా పెట్టుకున్నారాండీ!”