చిన్న ట్రాక్టరుకు అయిదడుగుల బ్లేడు

ఆ ట్రాక్టరుకు చొక్కా ఉంది. నవ్వకండి, నిజంగానే ఉంది. ముదురు నీలం కాన్వాసు గుడ్డ, ఎడమవైపు ఆరు బొత్తాలు, స్టీరింగు దగ్గర ఒక జేబు. ఏడేళ్ళ కిందట టైలరు ఈ ఇల్లు కొన్నప్పుడు పాత యజమాని వెనక షెడ్డులో వదిలేసిన చిన్న ట్రాక్టరు కూడా ఇంటితోపాటే వచ్చింది. పొలమా లేదు, పంటా లేదు, దాన్నేం చేసుకోవాలో తెలియదు. ఏం చేసుకోవాలో తెలియని వస్తువు ఇంటికొస్తే కుట్టుపని వాళ్ళు చేసేది ఒక్కటే. కొలతలు తీసింది టైలరు, కత్తిరించి కుట్టింది అతని అక్క. నెలకోసారి చొక్కా విప్పి, ట్రాక్టరు స్టార్టు చేసి, పెరట్లో రెండు చుట్లు తిప్పి, మళ్ళీ బొత్తాలు పెట్టేవాడు.

అక్క సంగతి ముందే చెప్పాలి, ఈ హడావుడంతా ఆవిడ కోసమే గనక. టైలరుకు ఆరేళ్ళప్పుడు వాళ్ళమ్మ పోయింది. అప్పటికి అక్కకు పదహారు. తమ్ముణ్ణి ఒళ్ళో కూర్చోబెట్టుకునే మిషను తొక్కింది, కత్తెర పట్టించింది, వంకరగా కోసినప్పుడల్లా చెవి మెలిపెట్టింది. ఇప్పుడతనికి యాభై రెండు. ఆ చెవి ఇప్పటికీ రెండోదానికంటే కాస్త పొడుగ్గా ఉంటుందని భార్య ఎగతాళి చేస్తుంది. ముందు గదిలో కిటికీ పక్కన అక్క మిషను, ఎదురుగా ఇతనిది. మూడు నెలల కిందట ఇంటిముందు సందులో, వానలకు లోతుపడిన చక్రాల గాడిలో కాలు పెట్టి అక్క పడింది. తుంటి విరిగింది. ఆపరేషను అయి ఇంకా ఆస్పత్రిలోనే ఉంది, ఇప్పుడు చక్రాల కుర్చీ వచ్చింది.

సోమవారం పొద్దున ఆస్పత్రి నుంచి ఫిజియో అమ్మాయి వచ్చి సందు చూసింది. రోడ్డు నుంచి గేటు దాకా నూట ఎనభై అడుగుల మట్టిదారి. రెండు గాళ్ళు, మధ్యలో దిబ్బ, అక్కడక్కడా గుంతలు.

"ఇందులో కుర్చీ నడవదండీ," అంది. "గురువారం ఆవిణ్ణి తీసుకొస్తాను. కుర్చీలో కూర్చోబెట్టి చేతికి నిండా నీళ్ళ గ్లాసు ఇస్తాను. రోడ్డు నుంచి గడప దాకా ఒక్క చుక్క ఒలికినా అదే వ్యానులో వాళ్ళమ్మాయి ఫ్లాటుకి పంపించేస్తాం. అక్కడైతే లిఫ్టుంది."

"నీళ్ళ గ్లాసా?" అన్నాడు టైలరు.

"కుదుపు కొలవడానికి మాకున్న పరికరం అదేనండీ. ఫారంలో గడి కూడా ఉంది."

చూపించింది కూడా. 'నీళ్ళు ఒలికినవి / ఒలకలేదు' అని అచ్చు వేసి ఉంది. రెండింట్లో ఒకటి కొట్టెయ్యాలి.

మేనకోడలు మంచిదే. తల్లిని కళ్ళల్లో పెట్టుకుని చూసుకుంటుంది. కానీ ఫ్లాటు ఆరో అంతస్తులో ఉంది, కింది వాటావాళ్ళు మిక్సీ చప్పుడుకే పైకొచ్చి తగువు పెట్టుకుంటారు. అక్కడ మిషను తొక్కనివ్వరు. మిషను లేకుండా అక్క చేతులు ఎక్కడ పెట్టుకుంటుందో టైలరు ఊహించుకోబోయాడు, ఊహకు అందలేదు. ఎదుటి మిషను ఖాళీగా ఉంటే తను ఎలా కుడతాడో కూడా అందలేదు. ఆ అమ్మాయికి మంచినీళ్ళు కావాలా అని అడగబోయి, నీళ్ళ మాట ఎత్తడానికి భయమేసి ఊరుకున్నాడు.

"ట్రాక్టరుంది కదండీ," అంది భార్య, ఆమె వెళ్ళాక. "వెనకాల ఏదో బ్లేడు తగిలిస్తే నేల చదును చేస్తుందట. ఇన్నాళ్ళూ చొక్కా వేసుకుని తిన్నగా కూర్చుంది. ఒక్కరోజు పని చెయ్యనివ్వండి."

పనిముట్ల షాపులో మూడు రకాల బ్లేడులున్నాయి. ఒకటి ట్రాక్టరు ముందు కట్టేది, మట్టిని తోస్తుంది. రెండోది వెనక కట్టే ఇనప పెట్టె, పళ్ళతో గట్టినేలను పెకలించి, ఆ మట్టినే మోసుకుపోయి గుంతల్లో నింపుతుంది. మూడోది వెనక లాక్కుపోయే ఉత్త పలక, దాన్ని కుడికో ఎడమకో ఏటవాలుగా తిప్పుకోవచ్చు.

"మూడింట్లో ఏది మంచిదండీ?" అన్నాడు టైలరు.

"నేను సలహాలివ్వను," అన్నాడు షాపాయన. "వెనకటికి ఒకాయనకి ముందు బ్లేడు తీసుకోమని చెప్పాను. తీసుకెళ్ళి వాళ్ళ పిన్నిగారి ప్రహరీ తోసేశాడు. ఇప్పుడు రెండిళ్ళ వాళ్ళకీ మాటల్లేవు. నన్ను తిట్టడానికి మాత్రం కలిసే వస్తారు. మీరు సంగతులు అడగండి, చెప్తాను. ఎంచుకోవడం మీదే."

"పోనీ, మీ ఇంటిముందైతే ఏది వాడతారు?"

"మా ఇంటిముందు సిమెంటు రోడ్డండీ."

ఇక ఆయన్ని పట్టుకుని లాభం లేదని టైలరు మెడలోంచి టేపు తీశాడు. వేసుకుని చూడకుండా ఏదీ కొనిపించని వృత్తి అతనిది. మూడు బ్లేడులకూ కొలతలు రాసుకుని ఇంటికొచ్చి, గోధుమరంగు కాగితం పరిచి, సుద్దతో గీసి, మూడు కాగితపు బ్లేడులు కత్తిరించాడు. మంగళవారం పొద్దున ట్రాక్టరు చొక్కా విప్పి, ఒక్కొక్కటే గుండుసూదులు గుచ్చి, దారం కట్టి తగిలించి ట్రయల్ వేశాడు. ట్రాక్టరు వెనకాల ఎలా ఉందో కూర్చున్నవాడికి తెలియాలని ముందు గదిలోని నిలువుటద్దం కూడా మోసుకొచ్చారు. భార్య అద్దం పట్టుకుంది.

"పెట్టె వేస్తే నడుం దగ్గర లావుగా ఉంది," అందామె. "ముందుది వేస్తే పళ్ళు ఎత్తుగా ఉన్నవాడిలా ఉంది."

"సందు చదునవ్వడం ముఖ్యమా, అందమా?"

"ఏది చదును చేస్తుందో మీకు తెలుసా? తెలియనప్పుడు అందమే చూసుకోవాలి మరి."

టైలరు ఆస్పత్రిలో ఉన్న అక్కకు ఫోను చేశాడు. అక్క అంతా ఓపిగ్గా విన్నది. గుండుసూదుల దగ్గర మాత్రం ఎన్ని వాడావని అడిగింది.

"మూడోది తిప్పుకోడానికి వస్తుందన్నావు కదరా?"

"వస్తుందక్కా."

"అదే తీసుకో. కదలకుండా బిగుసుకుపోయింది ఇంట్లో ఒకటి చాలు."

"ఎవరక్కా?"

"ముందు కొలత సరిగ్గా రాసుకో," అని ఫోను పెట్టేసింది.

ఇక్కడే కొంప మునిగింది. ట్రాక్టరు చక్రాల బయటి అంచు నుంచి అంచుకు నలభై ఎనిమిది అంగుళాలు. టైలరు షాపుకిచ్చే చీటీ మీద అదే రాశాడు. దాని కింద 'లూజు 4' అని రాశాడు. దాని కింద, నలభై ఏళ్ళ అలవాటున చెయ్యి తనంతట తనే, 'పెరుగుదలకు 8' అని రాసింది. చిన్నవాళ్ళకు కుట్టే ఏ బట్టకైనా లోపల మడత వదలాలన్నది అక్క పెట్టిన నియమం. చీటీ పైన 'చిన్న ట్రాక్టరు' అని ఉంది మరి. మొత్తం అరవై అంగుళాలు, అంటే అయిదడుగులు.

షాపాయన చీటీ చదివాడు. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చదివాడు. ఏదో అనబోయి, సలహాలివ్వనని పెట్టుకున్న ఒట్టు గుర్తొచ్చి తమాయించుకున్నాడు.

"ఇది పెరుగుతుందాండీ?" అని మాత్రం అడిగాడు.

"చిన్నప్పుడు ఏదైనా పెరుగుతుందండీ," అన్నాడు టైలరు, ఇంత చిన్న విషయం తెలియదా అన్నట్టు.

బుధవారం పొద్దున ముగ్గురు మనుషులు బ్లేడును పెరట్లో దించి, ట్రాక్టరు వెనక బిగించి, ఏ లివరు లాగితే లేస్తుందో ఏ పిన్ను తీస్తే తిరుగుతుందో చెప్పి వెళ్ళారు. టైలరు ఎక్కి కూర్చున్నాడు. ట్రాక్టరు ఠీవిగా గేటు దాటింది. బ్లేడు దాటలేదు. రెండు స్తంభాలకూ ఒకేసారి ఠంగున తగిలి ఆగిపోయింది.

భార్య టేపు పట్టుకుని గేటు కొలిచింది. "యాభై ఆరు," అంది. టేపు చుట్టి మళ్ళీ అతని మెడలో వేసింది. టైలరు దిగి స్తంభానికి ఆనుకుని కూలబడ్డాడు. రేపు గురువారం. తను చదువుకున్నది ఒక్క కొలతల విద్య, అందులోనే తప్పాడు. అక్క ఆరో అంతస్తు కిటికీ దగ్గర ఖాళీ చేతులతో కూర్చుని ఉండటం అతనికి కళ్ళకు కట్టినట్టు కనిపించింది. ఏడుపొచ్చింది, ఏడ్చాడు కూడా. భార్య తనే ఫోను కలిపి అతని చెవికి పెట్టింది.

"పెరుగుదలకు ఎంత వదిలావు?" అంది అక్క.

"ఎనిమిదక్కా. చిన్నది కదా అని."

చెవి దగ్గర లేదు గనక మెలిపెట్టడానికి వీల్లేదనుకున్నాడు.

"సరేలే," అంది అక్క. "బట్టకు పన్నా వెడల్పు చాలకపోతే ఏం చేస్తాం?"

"క్రాసులో, ఏటవాలుగా వేసి కోస్తాం."

"మరి వెయ్యి."

టైలరు ముక్కు తుడుచుకుని లేచి, పిన్ను తీసి బ్లేడును ఏటవాలుగా తిప్పాడు. భార్య మళ్ళీ టేపు వేసింది. యాభై రెండు. ఇటు రెండంగుళాలు, అటు రెండంగుళాలు మిగిలాయి. ఆమె వెనక్కి నడుస్తూ చేతులూపుతుంటే ట్రాక్టరు ఏటవాలు బ్లేడుతో, పక్కకు తిరిగి ఇరుకు గుమ్మం దాటే పెద్దమనిషిలా, సందులోకి వచ్చింది.

సాయంత్రం దాకా దున్నినట్టే దున్నాడు. బ్లేడు ఏటవాలుగా పెట్టి మధ్య దిబ్బను గాళ్ళలోకి నెట్టాడు. అడ్డంగా పెట్టి నునుపు చేశాడు. రోడ్డు నుంచి గేటుకు దారం కట్టి, ఎత్తున్నచోట సుద్దగుర్తు పెట్టి మళ్ళీ లాగాడు. పొద్దు వాలేటప్పటికి సందు ఇస్త్రీ చేసిన పంట్లాంలా తయారైంది. అప్పుడు చూసుకున్నాడు గేటు దగ్గర. సందు రెండంగుళాలు దిగింది. స్తంభాల మధ్య అయిదడుగుల బ్లేడు అడ్డంగా పట్టదు గనక అక్కడ నేల దిగలేదు, దాని కింద రాయి బయటపడి మెట్టులా నిలబడింది. పారతో మట్టి తెచ్చి రాయికి ఎగదోశాడు, తడిపాడు, తొక్కాడు. అయినా మనసు ఒప్పక, పాతగుడ్డ పరిచి ఇస్త్రీ పెట్టె తెచ్చి నిజంగానే ఇస్త్రీ చేశాడు. చూడటానికి బాగానే ఉంది.

గురువారం పదింటికి వ్యాను వచ్చింది. అక్క చిక్కిపోయింది, కానీ కుర్చీలో తిన్నగా కూర్చుంది. ఫిజియో అమ్మాయి గ్లాసు అంచుదాకా నింపి ఆవిడ చేతికిచ్చి, తను వెనక నుంచి కుర్చీ తోసింది. టైలరు పక్కనే నడిచాడు, ఊపిరి కూడా గట్టిగా తీయలేదు. ముప్పై అడుగులు, అరవై, నూరు. గ్లాసులో నీళ్ళు కాస్త వణికాయి, ఒలకలేదు. అక్క నేల చూడటం మానేసి సందు రెండు పక్కలా చూస్తోంది. అంచులు వంకర పోలేదని మెచ్చుకుంటోందని అతనికి తెలిసింది, ఆ సంతోషంలో క్షణంసేపు గేటు సంగతి మరిచాడు.

గేటు ఇంకా ఆరడుగుల దూరంలో ఉందనగా గుర్తొచ్చింది. కుర్చీ ముందు చక్రాలు చిన్నవి. కొత్త మట్టిలో దిగబడతాయి, రాయికి కొట్టుకుంటాయి. చెప్పడానికి నోరు రాలేదు. అక్క కూడా అటే చూసింది. ముడత ఎక్కడ పడబోతోందో బట్ట మిషను కిందికి వెళ్ళకముందే పట్టేసే కన్ను ఆవిడది. తాపీగా గ్లాసు ఎత్తి, గటగటా ఆఖరి చుక్క దాకా తాగేసి, పైటతో మూతి తుడుచుకుంది.

చక్రాలు దిగబడ్డాయి, రాయికి కొట్టుకున్నాయి, కుర్చీ ఎగిరిపడింది. అక్క పళ్ళు బిగించి ఆ నొప్పి మింగింది. గ్లాసు చేతిలోనే ఉంది.

"నీళ్ళేవండీ?" అంది ఫిజియో అమ్మాయి.

"దాహమేసిందమ్మా. తాగాను."

"తాగకూడదండీ."

"ఫారంలో అలా రాసుందా?"

ఆ అమ్మాయి ఫారం ముందు చదివింది, వెనక చదివింది. ఎక్కడా లేదు. గ్లాసు తీసుకుని బోర్లించి చూసింది, కుర్చీ తడిమింది, చీర తడిమింది. అంతా పొడిగానే ఉంది. "గేటు దగ్గర మాత్రం ఇవాళే సిమెంటు వేయించాలి," అని టైలరు వైపు కళ్ళెర్రజేసి, 'ఒలికినవి' కొట్టేసి సంతకం పెట్టింది.

ముందు గదిలో కిటికీ పక్కన కుర్చీ ఆగింది. అక్క మిషను చక్రం మీద చెయ్యి వేసి ఒక తిప్పు తిప్పింది. టైలరు ఎదురుగా కూర్చున్నాడు.

"దాని చొక్కా పట్రా," అంది అక్క. "ఇప్పుడు వెనకాల ఆ బ్లేడుంది కదా. పాత కొలత పట్టదు."

తెచ్చి ఒళ్ళో పెట్టాడు. అక్క కాన్వాసు తిరగేసి లోపలి కుట్టు పట్టుకుని, కత్తెర కొసతో పరపరా విప్పడం మొదలుపెట్టింది. లోపల వెడల్పుగా మడత ఉంది. ఏడేళ్ళుగా ఎండ తగలక అక్కడి నీలం ఇంకా కొత్తగానే ఉంది.

టైలరు టేపు వేసి చూశాడు. చూసి, తల పైకెత్తలేకపోయాడు.

"ఎంతుంది?" అంది అక్క, దారాలు లాగుతూనే.

"ఎనిమిది."

"చిన్నది కదరా," అంది.